పొలం గట్టుకు వచ్చిన కాలేజీ చదువులు: వరి వెన్ను నుంచి రాతి శాసనం దాకా విద్యార్థుల పరిశోధనలు

బాపట్ల: కాలేజీ చదువంటే డాక్టరు, ఇంజనీరు, ప్లీడరు, పంతులు అని వేళ్ల మీద లెక్కపెట్టే రోజులు ఏనాడో పోయాయి. ఇప్పుడు కాలేజీ పిల్లలు వరి వెన్ను మీద చదువుతున్నారు. ఉప్పునీటి మీద చదువుతున్నారు. రొయ్యల చెరువులో తెల్లవారుజామున ప్రాణవాయువు ఎంత ఉందో కొలుస్తున్నారు. మగ్గం గుంటలో కూర్చున్న నేతకారుడు ఏ పుల్లను ఏమని పిలుస్తాడో రాసుకుంటున్నారు. గుడి ముందున్న రాతి మీద అక్షరాలకు కాగితం అద్ది అచ్చు తీసుకుంటున్నారు. కౌలు ఎంత, వడ్డీ ఎంత, చివరికి రైతు చేతిలో మిగిలిందెంత అని ఇంటింటికీ తిరిగి అడుగుతున్నారు.

ఈ చదువులన్నిటికీ ఒక పోలిక ఉంది. వీటికి కావలసిన సరుకు పట్నంలో దొరకదు. అది పల్లెలోనే ఉంది. అందుకే పంట కాలం వచ్చిందంటే మెడలో గుర్తింపు కార్డు, చేతిలో నోటుపుస్తకం పట్టుకుని విద్యార్థులు ఊళ్లలోకి వస్తున్నారు.

వాళ్లను చూడగానే "ఏ ఆఫీసు నుంచి వచ్చారు బాబూ?" అని ఒకరు, "ఏమన్నా లోను వస్తుందా?" అని మరొకరు అడగడం మామూలే. "మేము చదువుకునే పిల్లలమండీ" అనగానే సగంమంది లేచి పోవడమూ మామూలే. ఆ పిల్లలు రాసుకుపోయే నాలుగు ముక్కలకూ, రేపు మనం వేసే విత్తనానికీ, చల్లే మందుకూ ఉన్న సంబంధం తెలిస్తే అంత తేలిగ్గా లేవబుద్ధి కాదు.

కాలేజీ పొలంలో పుట్టిన బియ్యం

ఇందుకు దూరం వెళ్లనక్కరలేదు. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో, అంటే స్వాతంత్ర్యం రాకముందే ఏర్పడింది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చాక దాని కిందికి చేరింది. ఆ విశ్వవిద్యాలయానికి 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. బాపట్లలో జరిగిన పరిశోధనల నుంచి 1986లో విడుదలైనదే బీపీటీ 5204, అదే సాంబ మసూరి. బీపీటీ అంటే బాపట్లే. జి.ఇ.బి. 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి అనే మూడు రకాలను కలిపి దీన్ని తయారు చేశారు. సన్నబియ్యం అంటే ఇదే అన్నంతగా తెలుగునాట భోజనాల బంతిలో స్థిరపడిపోయింది.

ఒక కొత్త రకం ఎలా పుడుతుందో విద్యార్థులు పొలంలోనే నేర్చుకుంటారు. తల్లిగా పెట్టుకున్న రకంలో మర్నాడు విచ్చుకోబోయే పూలను సాయంత్రం ఎంచుకుంటారు. పొట్టు కొనను చిన్న కత్తెరతో కత్తిరించి, లోపల ఉన్న ఆరు కేసరాలనూ సన్న పట్టకారుతో ఒక్కటీ మిగలకుండా తీసేస్తారు. వెన్నుకు కాగితపు సంచి తొడుగుతారు. మర్నాడు పొద్దెక్కాక తండ్రి రకం పూత విచ్చుకునే వేళ చూసి దాని పుప్పొడిని ఈ వెన్ను మీద దులుపుతారు. అలా పట్టిన కొద్దిపాటి గింజలే కొత్త రకానికి మొదలు.

అసలు పని అక్కడి నుంచి ఉంటుంది. ఆ గింజలు మొలిచి మొదటి పంటలో మొక్కలన్నీ ఒకే తీరుగా వస్తాయి. రెండో పంటలో మాత్రం ఒకే ఇంటి పిల్లల్లా ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముందు ఈనేది, ఒకటి వెనక ఈనేదిగా విడిపోతాయి. వాటిలో మంచివి ఏరుకుంటూ, మళ్లీ నాటుకుంటూ ఆరేడు పంటలు పోతే గాని గుణం నిలకడకు రాదు. ఆ తర్వాత అనేక చోట్ల పరీక్షించి, రైతుల పొలాల్లో చిరు సంచులిచ్చి చూసి, అప్పుడు విడుదల చేస్తారు. దీనికంతటికీ పదేళ్లదాకా పట్టడం కద్దు. రెండేళ్లు చదివే ఎమ్మెస్సీ విద్యార్థి ఈ దారిలో ఒక మజిలీ మాత్రమే నడుస్తాడు. ఒకరు గింజ పొడవు కొలిచి పోతారు. ఇంకొకరు తెగులుకు ఏ మొక్క తట్టుకున్నదో రాసి పోతారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఆ కాగితాల మీదనే ముందుకు పోతారు.

సాంబ మసూరికి ఎంత పేరున్నా తెగుళ్ల బెడద తప్పలేదు. అగ్గితెగులు, బాక్టీరియా ఆకు ఎండు తెగులు, దోమపోటు దాన్ని తేలిగ్గా పట్టుకుంటాయి. హైదరాబాదులోని వరి పరిశోధన డైరెక్టరేటు, సీసీఎంబీ కలిసి ఆకు ఎండు తెగులును తట్టుకునే మూడు జన్యువులను ఇదే రకంలోకి చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చాయి. తెగులు వచ్చేదాకా ఎదురుచూడకుండా, మొలక దశలోనే చిన్న ఆకు ముక్క తీసి ఆ జన్యువు ఉన్నదీ లేనిదీ ప్రయోగశాలలో తేల్చుకోవడం ఇందులోని కిటుకు. జన్యుశాస్త్రం చదివే పిల్లలు గాజు గొట్టాలతో చేసే పని ఇలాంటిదే. మాట కొత్తగా ఉన్నా దాని ఫలం మన చేలో కనబడేదే.

ఒకే రకం అన్ని మడుల్లో ఎందుకు?

కాలేజీ పొలం చూసిన రైతులు తరచుగా ఒక సంగతి అడుగుతుంటారు. ఉన్న కొద్ది నేలను చిన్న చిన్న మడులుగా కోసి, ఒకే రకాన్ని మూడు నాలుగు చోట్ల వేయడం ఎందుకని. ఒక చోట బాగా పండి మరో చోట పండకపోతే అది విత్తనం గుణమా, నేల గుణమా తెలియదు. గట్టు పక్కన నీరు ఎక్కువ, మెరక మీద తక్కువ. అందుకే ఒకే రకాన్ని పలు మడుల్లో వేస్తారు. ఏ మడిలో ఏది వేయాలో కూడా ఇష్టం వచ్చినట్లు కాక చీటీలు తీసినట్లు నిర్ణయిస్తారు. లేకపోతే తాను మెచ్చిన రకాన్ని మంచి మడిలో వేసుకునే బుద్ధి ఎవరికైనా పుడుతుంది. అన్ని మడుల దిగుబడీ లెక్కగట్టి, తేడా నిజంగా ఉన్నదా, యాదృచ్ఛికంగా వచ్చినదా అని చూస్తారు.

దుకాణంలో ఎవరో "ఫలానా మందు కొట్టిన చేను బాగా పండింది" అంటే వెంటనే డబ్బా కొనుక్కునే రైతు ఈ పద్ధతిని గమనించవలసి ఉంది. మందు కొట్టని మడి పక్కన లేనప్పుడు మందు వల్లనే పండిందని చెప్పడానికి వీలు లేదు. ఇంటి పొలంలోనైనా ఒక మూల కొంత వదిలి కొట్టి చూస్తే ఆ తేడా ఎవరికి వారికే తెలుస్తుంది.

విద్యార్థికి కూడా రైతుకున్న కష్టమే ఉంది. ప్రయోగం పొలంలో ఉంటుంది గనుక వాన పడకపోయినా, తుపాను పడినా రాసుకోవలసిన లెక్కలు పోతాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నేలకొరిగి నీటిలో ఉంటే కంకి మీదే గింజ మొలకెత్తుతుంది. కొన్ని రకాల గింజకు కోత తర్వాత కొన్నాళ్లు మొలవని నిద్రావస్థ ఉంటుంది. కొన్నిటికి ఉండదు. ఏ రకానికి ఎన్ని రోజులు అన్నది కూడా పిల్లలు లెక్కగట్టి రాసే పరిశోధన విషయమే. చేలోని నీరు తీసేసి లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి పనల మీద చల్లితే మొలక ఆగుతుందని తుపానులప్పుడు శాస్త్రవేత్తలు చెప్పే సలహా వెనక ఇలాంటి చదువే ఉంది.

దొరువు నేర్పిన పాఠం

పరిశోధన అంటే కాలేజీ చెప్పడం, ఊరు వినడం అనుకుంటే పొరపాటు. ఊరు చెబితే కాలేజీ నేర్చుకున్నవీ ఉన్నాయి. తీరం వెంట ఇసుక నేలల్లోని దొరువులు అందుకు గొప్ప ఉదాహరణ. సముద్రం అంత దగ్గర ఉన్నా ఇసుకలో నాలుగడుగులు తవ్వితే మంచినీళ్లు పడతాయి. తరతరాలుగా రైతులు దొరువు తవ్వి, కుండలతో ముంచిపోసి నారుమళ్లు, కూరగాయలు, పూలతోటలు పెంచుకొచ్చారు.

దీని వెనక ఉన్న సంగతి ఇది. వాన నీరు ఇసుకలో ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పొరలాగ నిలుస్తుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. పాల మీద మీగడ నిలిచినట్లే ఇదీ. పైపైన తీసుకుంటే మంచినీరే వస్తుంది. ఆశపడి లోతుగా బోరు వేసి పెద్ద మోటారు బిగిస్తే అడుగున ఉన్న ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ తీపెక్కడానికి చాలా కాలం పడుతుంది.

ఉప్పునీటి వినియోగంపై బాపట్ల కేంద్రంలో పనిచేస్తున్న అఖిల భారత పరిశోధన పథకం వారు ఈ దొరువునే తీసుకుని మెరుగుపరిచారు. భూమిలో ఎక్కువ లోతుకు పోకుండా, చిల్లులున్న గొట్టాలను అడ్డంగా పరిచి, నీరు నెమ్మదిగా ఒక బావిలోకి ఊరేటట్లు చేశారు. అక్కడి నుంచి చిన్న మోటారుతో తోడి తుంపరగా కొట్టుకోవచ్చు. తవ్విన దొరువుకు పోయే నేల మిగులుతుంది. కుండలు మోసే కష్టం తప్పుతుంది. మెరుగుపరిచిన దొరువు అనే పేరుతోనే ఇది శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది. ఎంత నీరు తోడితే ఉప్పు పైకి రాదు, ఏ పంట ఎంత ఉప్పును ఓర్చుకుంటుంది అన్న ప్రశ్నల మీద నేల శాస్త్రం, వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులు పనిచేస్తారు. వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల కూడా బాపట్లలోనే 1983 నుంచి ఉంది.

మాగాణి మినుమూ ఇంతే. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలుచున్న చేలోనే మినుములు చల్లి, పదునుతో, మంచుతో పంట తీయడం కృష్ణా డెల్టా రైతు అనుభవం నుంచి వచ్చింది. శాస్త్రవేత్తలు ఆ వెనకనే నడిచి ఎకరాకు ఎంత విత్తనం, ఏ రకం, ఏ తెగులుకు ఏమి అని లెక్కలు కట్టారు. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు, చేనంతా అల్లుకునే బంగారు తీగ ఇప్పటికీ విద్యార్థుల చేత పని చేయిస్తున్నాయి. మినుము దెబ్బతిన్న చోట వరి కోసిన మళ్లలో దున్నకుండా మొక్కజొన్న, జొన్న వేసే పద్ధతి పాకింది. దాని మీదా పరిశోధన గ్రంథాలు వచ్చాయి.

చెరువు గట్టున తెల్లవారుజామున

రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద కనబడే విద్యార్థులది వేరే చదువు. వాళ్లు తెల్లవారకముందే వచ్చి నీటి నమూనాలు తీస్తారు. పగలు చెరువులోని నాచు ఎండ తగిలి ప్రాణవాయువును విడుస్తుంది. రాత్రి అదే నాచు కూడా రొయ్యలతో పాటు ఆ గాలినే పీలుస్తుంది. అందుకే సూర్యోదయానికి కాస్త ముందు నీటిలో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. రొయ్య తేలిపోయేది ఆ వేళలోనే. ఏరేటరు ఎప్పుడు తిప్పాలన్నది ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది.

1994 ప్రాంతంలో తెల్లమచ్చ వైరసు వచ్చి టైగరు రొయ్య వేసిన రైతులు కోలుకోలేని దెబ్బ తిన్నారు. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి ఇచ్చాక మళ్లీ చెరువులు పెరిగాయి. వాటితో పాటే పక్క పొలం ఉప్పెక్కిందని, మంచినీటి బావి చెడిపోయిందని తగాదాలూ పెరిగాయి. చెరువు నీరు ఎంత దూరం ఊరుతుంది, మడ అడవి తరిగితే తీరానికి ఏమవుతుంది అన్నవి కూడా విద్యార్థులు ఎంచుకుంటున్న విషయాలే. ఇక్కడ చదువు ఒక రైతుకు మేలు, మరో రైతుకు కీడు చెప్పవలసి రావచ్చు. కొలిచి రాసిన లెక్క ఉంటే తగాదా మాట మీద కాక లెక్క మీద నడుస్తుంది.

మాటలకూ పరిశోధన ఉంది

పంటలకూ రొయ్యలకూ పరిశోధన అంటే సరే, మాటలకు కూడా పరిశోధన ఏమిటని ఆశ్చర్యపడేవారున్నారు. మేడి, కర్రు, కాడి, గొర్రు, గుంటక వంటి మాటలు ఏ జిల్లాలో ఏ తీరున పలుకుతారో ఊరూరా తిరిగి అడిగి రాసుకున్న నిఘంటువు ఒకటుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వేసిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలదే. 1971లో వచ్చిన రెండో సంపుటం చేనేత పదాలది. ఆ పుస్తకాలకు సమాచారం చెప్పినవారు పండితులు కారు, రైతులు, నేతకారులు. ట్రాక్టరు వచ్చి నాగలి అటక ఎక్కాక ఆ మాటల్లో చాలా వరకు నేటి పిల్లలకు తెలియవు. నాడు రాసి పెట్టుకోకపోతే ఆ మాటలు ఉండేవన్న సంగతే తెలిసేది కాదు.

జానపద గేయాల సంగతీ అంతే. నాట్లు వేస్తూ, దంచుతూ, విసురుతూ పాడే పాటలను పోగుచేసి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు 1950 దశకంలోనే డాక్టరేటు పట్టా పొందారు. కూలి పాటకు డాక్టరు పట్టా ఏమిటని ఆనాడు నవ్వినవారూ ఉండే ఉంటారు. ఆ తర్వాత ఎందరో విద్యార్థులు అదే బాట పట్టారు.

చీరాల మగ్గాల దగ్గరకూ పిల్లలు వస్తున్నారు. పడుగు, పేక, నాడె, కండె, పన్నె అని మాటలు రాసుకునేవారు కొందరు. రంగుల గుట్టు అడిగేవారు కొందరు. ఒకప్పుడు చీరాల నుంచి సముద్రాలు దాటి వెళ్లిన రుమాళ్లకు నూలును నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలో రోజుల తరబడి నానబెట్టేవారు. అందువల్లనే ఎరుపు రంగు దారాన్ని అంటిపెట్టుకుని ఉండిపోయేది. ఆ తేలియా రుమాలు విద్య నల్గొండ వైపు పుట్టపాకలో నిలిచి, 2020లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. నేత వదిలి వేరే పనులకు పోతున్న ఇళ్లెన్ని, మగ్గం మీద రోజు కూలి ఎంత గిట్టుతున్నది అని లెక్కవేసే అర్థశాస్త్రం పిల్లలూ ఈ వీధుల్లోనే కనబడతారు.

రాళ్లు చెప్పే సంగతులు

చరిత్ర చదివే విద్యార్థికి ఈ ప్రాంతం పెద్ద బడి. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ అనే పురాతత్వ అధికారికి దొరికిన రాతి భరిణెల మీది అక్షరాలు దక్షిణ దేశపు అతి పాత రాతల్లో ఒకటిగా పేరు పొందాయి. మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకు ముందు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకు రాజులు లాగేసుకునేవారు. ఇకమీదట అలా జరగదని, ముప్పయ్యింట ఒక వంతు సుంకం తప్ప వేరే తీసుకోమని ఆయన వర్తకులకు మాట ఇచ్చాడు. అద్దంకిలో దొరికిన 9వ శతాబ్దపు పండరంగని శాసనం తెలుగు పద్యం ఉన్న తొలి శాసనాల్లో ఒకటి.

ఇవన్నీ దొరికినవి. పోయినవి ఎన్నో లెక్క తెలియదు. భట్టిప్రోలు స్తూపం ఇటుకలు రోడ్డుకు, చలువరాళ్లు కాలువ తూముకు వాడేశారని పాత రికార్డుల్లో ఉంది. ఆ పని చేయించినవారు చదువుకున్న ఇంజనీర్లే. ఇప్పటికీ ఊళ్లలో అక్షరాలున్న రాళ్లు చాకిరేవుకు, గడప మెట్టుకు, గేదెల కొట్టానికి ఉపయోగపడుతున్న సందర్భాలు లేకపోలేదు. రాతి మీద చెక్కిన గీతలు కనబడితే సున్నం పూయకుండా, పగలగొట్టకుండా ఏదో ఒక కాలేజీ చరిత్ర మాస్టారికి కబురు పెట్టడం ఖర్చు లేని పని.

కాగితం మీద చరిత్ర కావలసినవారికి వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో మొదలైన ఈ గ్రంథాలయంలోని పాత పత్రికలు, పుస్తకాల కోసం దూరప్రాంతాల నుంచి పరిశోధక విద్యార్థులు వస్తారు. ఒక పల్లెటూరి గ్రంథాలయం దేశంలోని విశ్వవిద్యాలయాలకు అక్కరకు రావడం ఈ ప్రాంతవాసులు గర్వించదగిన విషయం.

ముగ్గుతో ఊరి పటం

ఇక ఊళ్లలో ఎక్కువగా కనబడేది వ్యవసాయ డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లలు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవం అనే కార్యక్రమం కింద వీరు ఊళ్లో ఉండి, ఒక్కొక్కరు ఒక్కొక్క రైతు వెంట పొలానికి పోవాలి. పంచాయతీ ఆఫీసు ముందు నేల మీద రంగుల ముగ్గులతో ఊరి పటం గీసి, చెరువు ఎక్కడ, మెరక ఎక్కడ, ఏ వీధి నీరు ఏ పల్లానికి పోతుంది అని ఊరివాళ్లతోనే చెప్పించడం వీరి చదువులో భాగం. చూసేవారికి ఆటగా ఉన్నా, ఆ పటం దగ్గర నిలబడి ముసలివారు చెప్పే పాత కాలువ జాడ రెవెన్యూ పటంలో కనబడకపోవచ్చు.

మామూలు డిగ్రీ విద్యార్థులకు కూడా 2020-21లో సవరించిన పాఠ్య ప్రణాళికలో సామాజిక సేవా ప్రాజెక్టు పెట్టారు. అందులో ఇంటింటి సర్వే ఒక భాగం. కామర్సు చదివే పిల్ల డ్వాక్రా పొదుపు మీద, కెమిస్ట్రీ చదివే పిల్లవాడు తాగునీటి మీద, తెలుగు చదివేవారు ఊరి పేర్ల మీద ప్రాజెక్టు రాయవచ్చు.

తప్పు చెబితే నష్టం ఎవరికి?

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ప్రశ్న అడిగేసరికి చాలామందికి అనుమానం పుడుతుంది. ఆదాయం చెబితే కార్డు పోతుందేమోనని తగ్గించి చెప్పేవారున్నారు. దిగుబడి తగ్గించి, ఎరువు ఖర్చు పెంచి చెప్పేవారున్నారు. నష్టపరిహారం వస్తుందేమోనని లేని నష్టం రాయించేవారూ ఉన్నారు. కౌలు రైతు మరీ ఇబ్బంది. ఎకరాకు ఎంత కౌలు ఇస్తున్నాడో చెబితే ఆసామికి కోపం వస్తుందని భయం. సాగుదారు హక్కుల చట్టం 2019లో వచ్చినా ఆ భయం పోలేదు. దాంతో చేను దున్నేవాడు ఒకరు, సర్వే కాగితంలో రైతుగా ఉన్నవాడు మరొకరు అవుతున్నారు.

ఇలా రాయించిన అంకెలన్నీ కలిసి పట్టికలవుతాయి. కౌలు ఖర్చు లెక్కలోకి రాకపోతే వరి సాగు లాభసాటిగా ఉందనే తేలుతుంది. ఎకరాకు మూడు బస్తాల యూరియా వేసి రెండు అని చెబితే, తెగులు ఎందుకు పెరిగిందో పిల్లలకు అంతుబట్టదు. తప్పుడు జవాబు మీద కట్టిన సలహా చివరికి వచ్చి చేరేది ఆ చేనికే.

జవాబు ఇచ్చే ముందు ఊరివాళ్లు కొన్ని అడిగి తెలుసుకోవచ్చు. ఏ కాలేజీ, ఏ విషయం, పర్యవేక్షించే మాస్టారు ఎవరు, పేరు బయటపెడతారా లేదా అన్నవి అడగడం తప్పు కాదు. ఇష్టం లేని ప్రశ్నకు చెప్పనని చెప్పవచ్చు. అబద్ధం చెప్పడం కన్నా అదే మేలు. నిజమైన విద్యార్థికి ఆధార్ నంబరు, బ్యాంకు పుస్తకం, ఫోనుకు వచ్చే ఓటీపీ, వేలిముద్ర అక్కరలేదు. అవి అడిగితే వాళ్లు చదువుకునే పిల్లలు కారని గుర్తించాలి.

ఫలితం ఊరికి రావాలి

లోపం ఊరివాళ్ల వైపే లేదు. అడిగి రాసుకుపోయినవారు మళ్లీ కనబడకపోవడం పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్న ఫిర్యాదు. శాస్త్ర విషయాల మీద పరిశోధన గ్రంథం దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఉంటుంది. అట్ట వేసి కాలేజీ లైబ్రరీలో పెడతారు. ఇప్పుడు కంప్యూటరులోకి కూడా ఎక్కిస్తున్నారు. అయినా ఏ చేలో మట్టి తీశారో ఆ చేని రైతుకు తన మట్టిలో ఏముందో తెలియకపోతే, ఏ బోరు నీరు పరీక్షించారో ఆ బోరు నీరు తాగే ఇంటికి ఆ ఫలితం అందకపోతే ఆ చదువు సగమే అయినట్లు.

దీనికి పెద్ద ఖర్చు ఏమీ లేదు. పరిశోధన పూర్తయ్యాక ఒకే ఒక్క పేజీ తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డుకు అంటించవచ్చు. ఆ పేజీ రాయడం విద్యార్థికీ మంచి పరీక్షే. తాను చదివింది తనకు ఎంత అర్థమైందో ఇంటి భాషలో రాసేటప్పుడే బయటపడుతుంది. ప్రాజెక్టు పుస్తకం ప్రతి ఒకటి ఊరి గ్రంథాలయానికి గాని, హైస్కూలుకు గాని ఇవ్వవచ్చు. కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ఏటా జరిపే రైతు సమావేశాల్లో విద్యార్థుల చేత పావుగంట చెప్పించవచ్చు.

పిల్లలను పై చదువులకు పంపే తల్లిదండ్రులు కూడా ఈ సంగతులు ఆలోచించవలసి ఉంది. ఇంటరు కాగానే అందరినీ ఒకే కోర్సుకు తోలడం వల్ల అప్పులు మిగిలిన ఇళ్లు ఉన్నాయి. వ్యవసాయ డిగ్రీలో రైతు కుటుంబాల పిల్లలకు కొన్ని సీట్లు వేరుగా కేటాయిస్తున్నారు. పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉంది. ఆహార సాంకేతికం, మత్స్యశాస్త్రం, పశువైద్యం, భాషాశాస్త్రం, పురాతత్వం వంటివి ఉన్నాయి. వాన పడితే ఏ మడి ముందు మునుగుతుందో చిన్నప్పుడే చూసిన రైతు బిడ్డ ఈ చదువుల్లో పట్నం పిల్లల కంటే వెనకబడవలసిన పని లేదు.

ఈ ఏడు నాట్ల వేళకు ఊళ్లలోకి వచ్చే విద్యార్థులకు నిజం చెప్పడం ఊరివాళ్ల వంతు. తేలిన ఫలితాన్ని తెలుగులో తెచ్చి ఇవ్వడం కాలేజీల వంతు. పిల్లలు ఊరు విడిచే ముందే ఆ ఒక్క పేజీ ఎప్పుడు ఇస్తారో తేదీ రాయించుకోవలసిన బాధ్యత సర్పంచులు, రైతు సంఘాల మీద ఉంది.